పరికరం పని ముగించిందో లేదో ప్రోగ్రాముకు తెలిసేదెలా?

ఒంగోలు మిత్రుడు అడిగినదాన్ని ముందు క్లుప్తంగా చెబుతాను. రొయ్యల చెరువుల ఏరేటర్లకు కంట్రోల్ బోర్డులు తయారుచేసే చిన్న యూనిట్‌లో ఆయన టెస్టింగ్ చూస్తారు. బెంచి మల్టీమీటర్‌ను యూఎస్‌బీ ద్వారా, ప్రోగ్రామబుల్ పవర్ సప్లైని లాన్ కేబుల్ ద్వారా కంప్యూటర్‌కు కలిపి, పైథాన్‌లో ప్రోగ్రాము రాసి, రాత్రంతా బోర్డులను నడిపిస్తూ రీడింగులు తీస్తున్నారు. మల్టీమీటర్‌ను అత్యంత కచ్చితమైన కొలతకు, అంటే 100 పవర్ లైన్ సైకిళ్లకు పెట్టారు. ఆయనకు మూడు ఇబ్బందులు ఎదురయ్యాయి. మల్టీమీటర్ అప్పుడప్పుడు జవాబివ్వక టైమౌట్ వస్తోంది. పవర్ సప్లై నుంచి చదివే కరెంట్ విలువలు ఒక్కోసారి ఒక అడుగు వెనకబడి వస్తున్నాయి. ఇవి పోతాయని ప్రతి కమాండ్ తర్వాత 5 సెకన్ల విరామం పెట్టారు, కనెక్షన్ తెగితే మళ్లీ కలుపుకొని ముందుకు సాగే ఏర్పాటు కూడా చేశారు. అయినా కొన్ని రోజులు తెల్లవారేసరికి లాగ్‌లో సగం నుంచి కింద వరకు అర్థంలేని అంకెలే ఉంటున్నాయి. "విరామం ఇంకా ఎంత పెంచితే సరిపోతుంది?" అని అడిగారు.

విరామం పెంచకండి. పని ముగిసిందా, మధ్యలో ఏదైనా తప్పు జరిగిందా అన్నది పరికరాన్నే అడిగి తెలుసుకోండి. చిన్న పనులకు "పని ముగిసిందా" అని అడిగే స్టార్ ఓపీసీ? అనే ప్రశ్న ఒక్కటి చాలు. సెకన్ల కొద్దీ, నిమిషాల కొద్దీ సాగే పనులకు, పరికరం తన స్థితిని ఒక్క అంకెలో చెప్పే స్టేటస్ బైట్‌ను గమనించాలి. ప్రతి అడుగు తర్వాత ఎర్రర్ క్యూను, అంటే పరికరం తన తప్పులను రాసుకునే వరుసను, చదివి ఖాళీ చేయాలి. లాగ్‌లో ప్రతి రీడింగు పక్కన ఆ సమయానికి పరికరం చెప్పిన స్టేటస్‌ను కూడా రాయాలి. మీ మొదటి రెండు ఇబ్బందులకు మూలం ఒకటే: జవాబు రాకముందే చదవడం ఆపేయడం. మూడోదానికి కారణం కరెంటు పోయి రావడం అని నా గట్టి నమ్మకం. ఎందుకో కింద వివరంగా చెబుతాను.

కమాండ్ల పేర్లను తెలుగులో రాస్తున్నాను, ప్రోగ్రాములో వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయాలి. "స్టార్" అన్న చోట నక్షత్రం గుర్తు పెట్టాలి.

నేను నెల్లూరులో ఉంటాను. ఇరవై ఏళ్లకు పైగా ఆటోమేటిక్ టెస్ట్ బెంచీలు కట్టడం, పాడైతే బాగుచేయడం నా వృత్తి. నేను పని నేర్చుకున్నది జీపీఐబీ కేబుళ్ల మీద, అంటే పరికరాలను కంప్యూటర్‌కు కలిపే పాత పద్ధతి మీద. బొటనవేలంత మందంగా ఉండే కేబుల్, 24 పిన్నుల కనెక్టరు, ఒకదాని వీపు మీద ఇంకొకటి బిగించుకుంటూ పోవడం. ఒక వరుస మీద కంట్రోలర్‌తో కలిపి 15 పరికరాలు, మొత్తం కేబుల్ పొడవు 20 మీటర్లకు మించకూడదు. ఇప్పుడు యూఎస్‌బీ, లాన్ వచ్చి ఆ కేబుళ్లు తగ్గిపోయాయి. కానీ మీకు ఈ రోజు కావలసిన విషయమంతా అప్పుడు పుట్టినదే, అందుకే కొంచెం వెనక్కి వెళ్తున్నాను.

1960ల చివర్లో హ్యూలెట్ ప్యాకర్డ్ తన పరికరాలను కలపడానికి ఈ ఉమ్మడి తీగల దారిని (బస్ అంటారు) రూపొందించుకుంది. 1975లో అది ఐట్రిపుల్‌ఈ 488 ప్రమాణమైంది. అందులో తీగల గురించి, సంకేతాల గురించి ఉంది గానీ, ఆ తీగల మీద ఏ మాటలు మాట్లాడాలో లేదు. ప్రతి కంపెనీదీ ఒక్కో భాష. 1987లో వచ్చిన 488.2 ఆ లోటు తీర్చింది: అందరికీ ఉమ్మడిగా కొన్ని స్టార్ కమాండ్లు, స్టేటస్ చెప్పే ఒకే పద్ధతి ఏర్పడ్డాయి. 1990లో స్కిపీ (ఎస్‌సీపీఐ) అనే కమాండ్ల ప్రమాణం వచ్చి ఓల్టేజ్ కొలవడానికి, అవుట్‌పుట్ ఆన్ చేయడానికి కూడా ఒకే తీరు మాటలను తెచ్చింది. కాబట్టి మీ మల్టీమీటర్, మీ పవర్ సప్లై వేర్వేరు కంపెనీలవైనా స్టేటస్ దగ్గర మాత్రం ఒకే భాష మాట్లాడతాయి. ఒకసారి నేర్చుకుంటే జీవితాంతం పనికొస్తుంది. నేను నేర్చుకున్నది ఇప్పటికీ రోజూ వాడుతున్నాను.

ఇక మీ మొదటి ఇబ్బంది, టైమౌట్. మన దేశంలో కరెంటు 50 హెర్ట్‌జ్. ఒక పవర్ లైన్ సైకిల్ అంటే 20 మిల్లీసెకన్లు, 100 సైకిళ్లంటే 2 సెకన్లు. ఆటో జీరో ఆన్‌లో ఉంటే మల్టీమీటర్ ప్రతి కొలతతో పాటు తన సున్నాను కూడా కొలుచుకుంటుంది కాబట్టి అది సుమారు 4 సెకన్లవుతుంది. పైథాన్ నుంచి పరికరాలతో మాట్లాడే పైవీసా లైబ్రరీలో మనం ఏమీ మార్చకపోతే టైమౌట్ 2000 మిల్లీసెకన్లు. అంటే మల్టీమీటర్ ఇంకా కొలుస్తూ ఉండగానే మీ ప్రోగ్రాము "జవాబు లేదు" అని లేచి వెళ్లిపోతోంది. అప్పుడప్పుడే వస్తోందన్నారు కాబట్టి, ప్రోగ్రాములో ఏదో ఒక దారిలో మాత్రమే కొలత మొదలుపెట్టిన వెంటనే చదువుతున్నారని నా ఊహ. కొలతను విడిగా మొదలుపెట్టి 5 సెకన్ల తర్వాత చదివే చోట తప్పించుకుంటున్నారు, కొలవమని అడిగి అక్కడికక్కడే చదివే చోట దొరికిపోతున్నారు. టైమౌట్‌ను 10 సెకన్లు చేయండి. గుర్తుంచుకోండి, టైమౌట్ వేరు, విరామం వేరు. టైమౌట్ పెంచితే టెస్టు నెమ్మదించదు. జవాబు 4 సెకన్లలో వస్తే 4 సెకన్లకే ముందుకు పోతుంది. విరామం మాత్రం పని అర సెకనులో అయినా 5 సెకన్లు తినేస్తుంది.

రెండో ఇబ్బంది మొదటిదానికి తోబుట్టువు. టైమౌట్ వచ్చినా పరికరం తన పని మానదు. జవాబు తయారుచేసి ఆలస్యంగానైనా పంపుతుంది. లాన్ మీద మీరు నేరుగా నెట్‌వర్క్ సాకెట్ (ప్రోగ్రాముకు, పరికరానికి మధ్య మామూలు కనెక్షన్) తెరిచి, చాలా పరికరాలు వాడే 5025 పోర్టుతో మాట్లాడుతున్నారని మీ ప్రశ్నను బట్టి అర్థమైంది. ఆలస్యమైన జవాబు అక్కడ కంప్యూటర్ వైపు బఫర్‌లో వచ్చి కూర్చుంటుంది. మీరు తర్వాతి ప్రశ్న అడిగి చదివితే చేతికొచ్చేది ఆ పాత జవాబు. అక్కడి నుంచి ప్రతి జవాబూ ఒకటి వెనకబడుతుంది, మళ్లీ కలిపేదాకా అంతే. అంకె అంకెలాగే ఉంటుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. ఇది చాలా ప్రమాదకరమైన తప్పు. టైమౌట్ కనిపించిన రోజున కనీసం ఏదో జరిగిందని తెలుస్తుంది, ఇక్కడ అదీ ఉండదు.

యూఎస్‌బీ, జీపీఐబీ మీద ఇదే తప్పు మరోలా బయటపడుతుంది. పాత జవాబు చదవకుండా కొత్త ప్రశ్న అడిగితే పరికరం పాతదాన్ని పారేసి, మైనస్ 410 అనే ఎర్రర్‌ను రాసుకుంటుంది. ప్రశ్న మధ్యలో తెగిందని దాని అర్థం. ప్రశ్నే అడగకుండా చదవబోతే మైనస్ 420. మీ మల్టీమీటర్ అప్పుడప్పుడు బీప్ కొడుతోందని రాశారు కదా, ఎర్రర్ క్యూ చదివి చూడండి, ఈ రెండింటిలో ఒకటి ఉండవచ్చు.

టైమౌట్ వచ్చాక చేయవలసింది ఒక్కటే: ముందుకు వెళ్లకుండా దారి శుభ్రం చేయడం. యూఎస్‌బీ మీద పైవీసాలో క్లియర్ అనే పిలుపు ఉంది, అది పరికరానికి డివైస్ క్లియర్ పంపి లోపలి, బయటి క్యూలను ఖాళీ చేస్తుంది. నేరు సాకెట్‌కు ఆ సౌకర్యం లేదు. సాకెట్ మూసి మళ్లీ తెరవాలి. లాన్ మీద పరికరాలతో మాట్లాడే పద్ధతుల్లో వీఎక్స్‌ఐ-11 గానీ, 4880 పోర్టు వాడే హైస్లిప్ గానీ మీ పవర్ సప్లైలో ఉంటే దానికి మారండి. డివైస్ క్లియర్ ఉంటుంది, స్టేటస్ బైట్‌ను మామూలు సందేశాలతో సంబంధం లేకుండా పక్క దారిలో చదివే వీలూ ఉంటుంది. ఈ రెండో సౌకర్యం ఎంత విలువైనదో ఇప్పుడు చెబుతాను.

స్టేటస్ వ్యవస్థ పుస్తకంలో చూస్తే పెట్టెలు, బాణాలతో భయపెడుతుంది. మీరు చెరువుల వాళ్లతో పనిచేస్తారు కాబట్టి అక్కడి నుంచే చెబుతాను. చెరువులో ఈ క్షణం ఏరేటర్ తిరుగుతోందా లేదా అన్నది కండిషన్ రిజిస్టర్. రాత్రి రెండింటికి ఏరేటర్ ఆగి, మళ్లీ తిరిగిందనుకోండి. పొద్దున మీరు వెళ్లి చూస్తే తిరుగుతూనే కనిపిస్తుంది. కానీ కాపలా మనిషి తన పుస్తకంలో "ఆగింది" అని రాసి పెట్టాడు. అది ఈవెంట్ రిజిస్టర్. మీరు వచ్చి చదివేదాకా ఆ రాత చెరగదు, చదవగానే చెరిగిపోతుంది. ఏ సంగతి జరిగితే యజమానిని నిద్రలేపాలి, దేనికి లేపనక్కర్లేదు అని ముందే ఇచ్చిన సూచన ఎనేబుల్ రిజిస్టర్. ఆ సూచన ప్రకారం యజమాని ఫోనుకు వచ్చే పిలుపు స్టేటస్ బైట్.

ఈ స్టేటస్ బైట్‌లో ఎనిమిది బిట్లు. స్కిపీ పరికరాల్లో 4 విలువ ఉన్న బిట్ వెలిగితే ఎర్రర్ క్యూలో ఏదో ఉంది. 8 అంటే కొలత లేదా అవుట్‌పుట్ నాణ్యత అనుమానాస్పదం. 16 అంటే చదవాల్సిన జవాబు సిద్ధంగా ఉంది. 32 అంటే స్టాండర్డ్ ఈవెంట్ రిజిస్టర్‌లో మీరు కోరిన సంగతి ఒకటి జరిగింది. 64 అంటే పరికరం మిమ్మల్ని పిలుస్తోంది. 128 అంటే సాగుతున్న పనికి సంబంధించిన సమాచారం ఉంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. మొన్న మా బెంచి మీద ఒక పవర్ సప్లై స్టేటస్ బైట్ 100 అని వచ్చింది. 100 అంటే 64, 32, 4 కలిపితే వచ్చేది. పిలుస్తోంది, స్టాండర్డ్ ఈవెంట్ ఉంది, ఎర్రర్ క్యూ ఖాళీగా లేదు. ఆ స్టాండర్డ్ ఈవెంట్ రిజిస్టర్‌ను (ఈఎస్‌ఆర్) చదివే స్టార్ ఈఎస్‌ఆర్? అడిగితే 48 వచ్చింది. ఈ రిజిస్టర్‌లో 1 పని పూర్తయిందని, 4 ప్రశ్న తప్పని, 8 పరికరంలో తప్పని, 16 కమాండ్ అమలు కాలేదని, 32 కమాండే అర్థం కాలేదని, 128 పరికరం కొత్తగా ఆన్ అయిందని చెబుతాయి. 48 అంటే 32, 16. రెండు తప్పులు. ఎర్రర్ క్యూ చదివితే మైనస్ 113, మైనస్ 222, ఆ తర్వాత సున్నా. మొదటిది తెలియని కమాండ్: మా కుర్రాడు కరెంట్ పరిమితి కమాండ్‌లో ఒక అక్షరం వదిలేశాడు. రెండోది హద్దు దాటిన విలువ: 30 ఓల్టుల దాకా ఇచ్చే సప్లైని 36 అడిగాడు. మూడు ప్రశ్నలు, నిమిషం పని. ఈ మూడూ అడగకపోతే ఆ పూటంతా వైర్లు పీకి పెట్టేవాళ్లం.

ఎర్రర్ నంబర్లకు ఒక వరుస ఉంది, అది తెలిస్తే పుస్తకం తెరవక్కర్లేదు. మైనస్ 100లు కమాండ్ తప్పులు, మైనస్ 200లు అమలు తప్పులు, మైనస్ 300లు పరికరానివి, మైనస్ 400లు ప్రశ్న జవాబులవి. ఎర్రర్ క్యూను ఒక్కసారి చదివి వదిలేయకండి. ఒక్కో ప్రశ్నకు ఒక్కో ఎర్రరే, పాతది ముందు వస్తుంది. సున్నా వచ్చేదాకా అడుగుతూనే ఉండాలి. ఎప్పుడూ చదవకపోతే క్యూ నిండిపోయి, చివరి ఎర్రర్ స్థానంలో మైనస్ 350 వచ్చి కూర్చుంటుంది.

ఇప్పుడు మీ అసలు ప్రశ్న: పని ముగిసిందని ఎలా తెలుసుకోవాలి? మూడు స్టార్ కమాండ్లు ఉన్నాయి. వీటి తేడా తెలియక చాలామంది ఒకదాని బదులు ఇంకొకటి వాడతారు. స్టార్ ఓపీసీ? అని ప్రశ్నగా అడిగితే, చేతిలో ఉన్న పనులన్నీ ముగిశాక 1 అని జవాబిస్తుంది. అప్పటిదాకా మీ ప్రోగ్రాము అక్కడే నిలబడి ఉంటుంది, టైమౌట్ దానికి సరిపడా ఉండాలి. ప్రశ్న గుర్తు లేని స్టార్ ఓపీసీ జవాబేమీ ఇవ్వదు. పనులు ముగిశాక ఈవెంట్ రిజిస్టర్‌లో 1 బిట్‌ను వెలిగిస్తుంది. మీ ప్రోగ్రాము ఈలోగా వేరే పని చూసుకోవచ్చు. స్టార్ వై (డబ్ల్యూ, ఏ, ఐ అక్షరాలు) అనేది పరికరానికి చెప్పేది: ముందు పని ముగిసేదాకా తర్వాతి కమాండ్ మొదలుపెట్టవద్దని. మీకు మాత్రం ఏమీ తెలియజేయదు.

దీర్ఘమైన కొలతలకు నేను చేసే పద్ధతి ఇది. మొదట స్టార్ ఈఎస్‌ఈ 189, స్టార్ ఎస్‌ఆర్‌ఈ 32 పంపుతాను. మొదటిది ఈఎస్‌ఆర్‌కు, రెండోది స్టేటస్ బైట్‌కు ఎనేబుల్ సూచన. 189 అంటే పూర్తయిన సంగతి 1, నాలుగు రకాల తప్పులు 4, 8, 16, 32, కొత్తగా ఆన్ అవడం 128, అన్నీ కలిపి. తర్వాత కొలత మొదలుపెట్టే కమాండ్, వెనువెంటనే స్టార్ ఓపీసీ. అర సెకనుకోసారి స్టేటస్ బైట్ చదువుతాను. 32 బిట్ వెలగగానే ఈఎస్‌ఆర్ చదువుతాను. అందులో 1 ఒక్కటే ఉంటే పని సవ్యంగా ముగిసింది, ఫలితం తెచ్చుకుంటాను. మరేదైనా ఉంటే ఆ రీడింగును లెక్కలోకి తీసుకోను, ఎర్రర్ క్యూ అంతా లాగ్‌లో రాసి ఆపేస్తాను. చాలామంది ఎనేబుల్‌లో 1 ఒక్కటే పెడతారు. మధ్యలో తప్పు జరిగి కొలతే మొదలుకాకపోతే ఆ సంగతి వారికి తెలియనే తెలియదు. తప్పులను కూడా పిలిచే జాబితాలో చేర్చడం వల్ల ఎటు తిరిగినా ప్రోగ్రాముకు సమాధానం దొరుకుతుంది.

ఇక్కడే పక్క దారి అవసరం. స్టేటస్ బైట్‌ను స్టార్ ఎస్‌టీబీ? అనే ప్రశ్నతోనూ చదవవచ్చు. కానీ అది మామూలు కమాండ్ల వరుసలో నిలబడుతుంది. పరికరం ఒక పనిలో మునిగి ఉంటే ఈ ప్రశ్న కూడా వెనకే ఆగిపోతుంది. పైవీసాలోని రీడ్ ఎస్‌టీబీ పిలుపు జీపీఐబీ మీద సీరియల్ పోల్ చేస్తుంది, యూఎస్‌బీ మీద అందుకు వేరే అభ్యర్థన పంపుతుంది. పరికరం ఎంత పనిలో ఉన్నా జవాబు దొరుకుతుంది. నేరు సాకెట్ మీద, సీరియల్ కేబుల్ మీద ఆ దారి లేదు.

రెండు హెచ్చరికలు. చవకగా దొరికే కొన్ని పరికరాలు స్టార్ ఓపీసీ? అడగగానే పనితో సంబంధం లేకుండా 1 అనేస్తాయి. నా చేతి మీదుగా వెళ్లినవాటిలోనే అలాంటివి చూశాను. మీ మల్టీమీటర్‌కు 100 సైకిళ్ల కొలత మొదలుపెట్టమని చెప్పి, వెంటనే స్టార్ ఓపీసీ? అడిగి గడియారం చూడండి. 2 నుంచి 4 సెకన్ల తర్వాత 1 వస్తే దాన్ని నమ్మవచ్చు. వెంటనే వస్తే ఆ పరికరానికి వేరే ఏర్పాటు కావాలి.

రెండోది ఇంకా ముఖ్యం. ఓపీసీ 1 అంటే పరికరం పని ముగిసిందని మాత్రమే, మీ బోర్డు పని ముగిసిందని కాదు. పవర్ సప్లైని 5 నుంచి 12 ఓల్టులకు మార్చి ఓపీసీ 1 వచ్చాక కూడా మీ బోర్డు మీది పెద్ద కెపాసిటర్ నిండుతూ ఉండవచ్చు, రిలే ఇంకా పట్టుకోకపోవచ్చు. అక్కడ విరామం న్యాయమే. కాకపోతే అది మీ బోర్డును బట్టి ఆసిలోస్కోప్‌తో కొలిచి పెట్టిన విరామం కావాలి. మా దగ్గర ఒక ఛార్జర్ బోర్డుకు అది 180 మిల్లీసెకన్లు, 250 పెట్టాం. 5 సెకన్లు ఎక్కడా అవసరం రాలేదు.

మూడో ఇబ్బందికి వస్తున్నాను. దీన్ని నేను స్వయంగా అనుభవించాను కాబట్టి తీరిగ్గా చెబుతాను.

చాలా ఏళ్ల కిందట, కృష్ణపట్నం వెళ్లే దారిలో ఒక చిన్న యూనిట్‌కు బ్యాటరీ ఛార్జర్ల రాత్రి టెస్టు పెట్టాను. నవంబరు నెల, ఈశాన్య రుతుపవనాల గాలివాన. కంప్యూటర్‌కు యూపీఎస్ ఉంది, పరికరాలు నేరుగా లైను మీద ఉన్నాయి. రాత్రి రెండు దాటాక కరెంటు ఒక్క క్షణం పోయి వచ్చింది. ట్యూబులైటు ఒకసారి ఆరి వెలిగేంత సేపు, అంతే. పవర్ సప్లై రీసెట్ అయి, అవుట్‌పుట్ ఆఫ్‌లో, ఓల్టేజ్ సున్నాలో లేచింది. సీరియల్ కేబుల్ మీద ఉన్నందున కనెక్షన్ తెగినట్టు కూడా తెలియలేదు. నా ప్రోగ్రాము తెల్లవారేదాకా అడిగింది, పరికరాలు మర్యాదగా జవాబులిచ్చాయి. పొద్దున చూస్తే రెండు తర్వాతి వరుసలన్నీ ఛార్జర్లు పాడైపోయినట్టు చూపిస్తున్నాయి. యజమాని ఆ ఛార్జర్లన్నింటినీ విప్పించబోయాడు. ఆపించి, చేతితో మళ్లీ కొలిచి, అన్నీ బాగున్నాయని నిర్ధారించేసరికి మధ్యాహ్నమైంది.

ఈఎస్‌ఆర్‌లోని 128 బిట్ ఇందుకే ఉంది. పరికరం ఆన్ అయిన ప్రతిసారీ అది వెలుగుతుంది, మీరు చదివేదాకా వెలుగుతూనే ఉంటుంది. ప్రతి చుట్టుకూ ఒకసారి స్టార్ ఈఎస్‌ఆర్? అడిగి ఉంటే ఆ రాత్రే తెలిసిపోయేది.

ఇందులో ఒక లోతైన గుంట ఉంది. నేనూ మొదట అందులో పడ్డాను. చాలా పరికరాల్లో, ఏమీ మార్చకపోతే, కరెంటు పోయి వచ్చినప్పుడు ఎనేబుల్ రిజిస్టర్లు సున్నా అయిపోతాయి. కాపలా మనిషి పుస్తకంలో "కరెంటు పోయింది" అని రాశాడు గానీ, యజమానిని లేపమన్న సూచన మాత్రం అదే కోతలో చెరిగిపోయింది. అందువల్ల స్టేటస్ బైట్‌లో 32 బిట్ వెలగదు. స్టేటస్ బైట్ ఒక్కటే చూస్తూ కూర్చుంటే అంతా ప్రశాంతంగా కనిపిస్తుంది. దీనికి విరుగుడు రెండు విధాలు. స్టార్ పీఎస్‌సీ 0 అనే కమాండ్ ఉన్న పరికరాలకు అది ఒకసారి పంపితే ఎనేబుల్ విలువలను కరెంటు పోయినా దాచుకుంటాయి. లేనివాటికి స్టేటస్ బైట్‌ను నమ్ముకోకుండా ఈఎస్‌ఆర్‌నే నేరుగా చదవాలి. నేను రెండూ చేస్తాను.

మీ విషయంలో యూఎస్‌బీ, లాన్ ఉన్నాయి. కరెంటు పోతే కనెక్షన్ తెగుతుంది, మీ ప్రోగ్రాముకు ఆ సంగతి తెలుస్తుంది. కానీ మీరు మళ్లీ కలుపుకొని ముందుకు సాగే ఏర్పాటు పెట్టారు. సప్లై సున్నా ఓల్టుల దగ్గర లేచింది, మీ ప్రోగ్రాము తాను ఎప్పుడో పెట్టిన 12 ఓల్టులు ఇంకా ఉన్నాయనుకొని కొలతలు కొనసాగించింది. పాడైన రోజులను గాలివాన రోజులతో, మీ సబ్‌స్టేషన్ కోతల సమయాలతో పోల్చి చూడండి. మళ్లీ కలుపుకున్నాక మొదటి మాట స్టార్ ఈఎస్‌ఆర్? కావాలి. చాలామంది అలవాటుగా స్టార్ ఆర్‌ఎస్‌టీ (రీసెట్), స్టార్ సీఎల్‌ఎస్‌ (క్లియర్)తో మొదలుపెడతారు. సీఎల్‌ఎస్ ఈవెంట్ రిజిస్టర్లను, ఎర్రర్ క్యూను తుడిచేస్తుంది, అంటే మీకు కావలసిన సాక్ష్యం ముందే పోతుంది. చదివి, లాగ్‌లో రాసి, ఆ తర్వాత తుడవండి. 128 కనిపిస్తే అమరికలన్నీ మొదటి నుంచి మళ్లీ పంపి, ఆ బోర్డు టెస్టును మొదటి నుంచి నడపండి.

పరికరాలను కూడా యూపీఎస్ మీద పెట్టగలిగితే పెట్టండి. కానీ యూపీఎస్ ఉందని ఈ పరీక్ష మానకండి. బ్యాటరీ ముసలిదైన యూపీఎస్‌లు సరిగ్గా అలాంటి రాత్రే చేతులెత్తేయడం చూశాను.

కొలత నాణ్యత గురించి ఒక సంగతి, ఇది మీ ఏరేటర్ బోర్డులకు నేరుగా పనికొస్తుంది. పవర్ సప్లై కరెంట్ పరిమితిని తాకితే ఓల్టేజ్ తగ్గించుకుంటుంది. చాలా సప్లైలు ఈ సంగతిని క్వశ్చనబుల్ రిజిస్టర్‌లో (స్టేటస్ బైట్‌లో 8 బిట్ వెనక ఉండేది) చెబుతాయి, 1 బిట్ వెలిగితే ఓల్టేజ్ అదుపు తప్పిందని, అంటే పరిమితిని తాకిందని. ఆ బిట్ అర్థం మీ మోడల్ పుస్తకంలో ఒకసారి సరిచూసుకోండి, కంపెనీలకు తేడాలుంటాయి. మా దగ్గర ఒక స్టార్టర్ బోర్డు రాత్రిపూట తనంతట తాను రీసెట్ అవుతుండేది. మల్టీమీటర్ ప్రతిసారీ 12.00 చూపించింది. రెండు సెకన్లకోసారి కొలిచేదానికి కొన్ని మిల్లీసెకన్ల గుంట ఎలా కనిపిస్తుంది? క్వశ్చనబుల్ ఈవెంట్ రిజిస్టర్ చదవడం మొదలుపెట్టిన రాత్రే విషయం బయటపడింది. రెండు రిలేలు ఒకేసారి పట్టుకున్న ప్రతి చోటా బిట్ వెలిగి ఉంది. మేం పరిమితిని 1 ఆంపియర్ దగ్గర పెట్టాం, ఆ క్షణంలో బోర్డు అంతకంటే ఎక్కువ లాగింది. పరిమితి 2 చేస్తే రీసెట్లు ఆగాయి. బోర్డు తప్పు కానే కాదు.

మల్టీమీటర్ హద్దు దాటితే స్కిపీ ప్రకారం 9.9ఈ37 అనే విలువ పంపుతుంది. అంటే 9.9ని పదికి 37వ ఘాతంతో గుణించినది, అనంతానికి గుర్తు. ఇది అంకె రూపంలో వస్తుంది కాబట్టి సగటు లెక్కలో నిశ్శబ్దంగా కలిసిపోయి మొత్తం పాడుచేస్తుంది. చదవగానే వడకట్టండి.

ఈవెంట్ రిజిస్టర్ చదివితే చెరిగిపోతుందన్నాను. కాబట్టి రెండు ప్రోగ్రాములు ఒకే పరికరాన్ని చదవకూడదు. తయారీదారు ఇచ్చిన సాఫ్ట్‌వేర్ విండో వెనకాల తెరిచి ఉంటే మీ బిట్లను అది చదివేస్తుంది, మీకు సున్నాలు మిగులుతాయి. అలాగే టెస్టు నడుస్తుండగా ఎవరూ బటన్లు నొక్కకుండా ముందు ప్యానెల్ లాక్ చేయండి, దాని కమాండ్ మీ పరికరం పుస్తకంలో రిమోట్ అధ్యాయంలో ఉంటుంది.

మీ లాగ్‌లో ఇప్పుడు సమయం, ఓల్టేజ్, కరెంట్ మూడే ఉన్నాయన్నారు. దానికి ఈఎస్‌ఆర్, క్వశ్చనబుల్ ఈవెంట్, ఎర్రర్ క్యూలో దొరికినవి, ఈ మూడూ చేర్చండి. మంచి రాత్రి ఇవన్నీ సున్నాలే ఉంటాయి. ఈఎస్‌ఆర్‌లో మాత్రం ఓపీసీ వల్ల 1 రావచ్చు.

మార్పులు చేశాక నిజం టెస్టుకు ముందు ఒక పని చేయండి. బోర్డు విప్పి పక్కన పెట్టి, ప్రోగ్రాము నడుస్తుండగా పవర్ సప్లై ప్లగ్ పీకి, పది లెక్కపెట్టి మళ్లీ పెట్టండి. తర్వాత మల్టీమీటర్‌కూ అలాగే చేయండి. ఇంకోసారి కావాలని ఒక కమాండ్‌ను తప్పు రాసి పంపండి. లాగ్‌లో మొదటి రెండింటికి 128 ఉన్న వరుస, మూడోదానికి 32తో పాటు మైనస్ 113 కనిపించాలి. కనిపించకపోతే, పరికరం తన కంపెనీ, మోడల్ చెప్పే స్టార్ ఐడీఎన్? కు రెండు పరికరాలు ఇచ్చిన జవాబులు, ఆ సమయపు లాగ్ వరుసలు ఇక్కడే పెట్టండి, మోడల్ చూసి ఎక్కడ ఆగిపోయిందో చెబుతాను.